మానిటర్‌కు ఏ కేబుల్? కొనేటప్పుడే అడగవలసిన ప్రశ్న

సంపాదకులు గారికి,

అయ్యా,

కళాశాలలు తెరిచే రోజుల్లో మన విశాఖపట్నంలో ద్వారకానగర్ వైపు కంప్యూటర్ దుకాణాలకు వెళ్లిన వారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, మానిటర్ ఎన్ని అంగుళాలు అని పిల్లలూ తల్లిదండ్రులూ గంటల తరబడి ఆరా తీస్తారు. ఆ మానిటర్‌ను సీపీయూకు కలిపే కేబుల్ ఏది అని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. అట్టపెట్టెలో ఏది వస్తే అదే తగిలించి ఇస్తారు, అదే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నేను ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎక్కడికి వెళ్లినా కంప్యూటర్ వెనక్కి తొంగిచూసే అలవాటు ఇంకా పోలేదు. ఫుల్ హెచ్‌డీ మానిటర్ వెనుక కొత్త తరహా కేబుల్‌కు ఉద్దేశించిన హెచ్‌డీఎంఐ పోర్టు ఖాళీగా ఉండి, దాని పక్కనే పాత తరహా కేబుల్ అయిన వీజీఏ నీలిరంగు ప్లగ్గు స్క్రూలతో బిగించి ఉండడం డీటీపీ దుకాణాల్లోనూ, ఆడిటర్ల కార్యాలయాల్లోనూ, నెట్ సెంటర్లలోనూ నాకు తరచుగా కనిపించే దృశ్యం. రెండూ బొమ్మనే చూపిస్తాయి కదా, తేడా ఏమిటని అడిగేవారి కోసం ఈ లేఖ రాస్తున్నాను.

వీజీఏ చెడ్డది కాదు, దాని కాలానికి అది సరైనదే. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో పాటు దానిని ప్రవేశపెట్టినప్పుడు మానిటర్ అంటే వెనుక భాగం బరువుగా పొడుచుకు వచ్చే పిక్చర్ ట్యూబు పెట్టె. ఆ ట్యూబులో ఎలక్ట్రాన్ల పుంజం తెర మీద ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గీతలు గీస్తూ పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ప్రకాశం ఎంత ఉండాలో ఒక్కొక్క తీగలోని వోల్టేజి చెబుతుంది. వోల్టు లేకపోతే నలుపు, 0.7 వోల్టులు ఉంటే ఆ రంగు నిండుగా, మధ్యలో ఉంటే ఆ మేరకు. ఒక గీత ఎక్కడ మొదలవ్వాలో, తెర మళ్లీ పై నుంచి ఎప్పుడు మొదలవ్వాలో చెప్పడానికి మరి రెండు తీగలు ఉంటాయి. ఇలా వోల్టేజి ఎక్కువతక్కువలతో నడిచే పద్ధతినే అనలాగ్ అంటారు. సంకేతమూ అనలాగే, తెరా అనలాగే కాబట్టి వాటి మధ్య పేచీ ఏమీ లేదు.

పేచీ అంతా పలచని ఎల్‌సీడీ మానిటర్లతో వచ్చింది. ఫుల్ హెచ్‌డీ ఎల్‌సీడీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున గళ్లు (పిక్సెళ్లు) ఉంటాయి. ప్రతి గడికీ ఒక నిర్దిష్టమైన విలువ కావాలి. కంప్యూటర్ లోపల బొమ్మ మొదటి నుంచీ అంకెల రూపంలోనే, అంటే డిజిటల్‌గానే ఉంటుంది. వీజీఏ వాడితే ఆ అంకెలను గ్రాఫిక్స్ విభాగం వోల్టేజిగా మారుస్తుంది, ఆ వోల్టేజి కేబుల్‌లో ప్రయాణిస్తుంది, మానిటర్ దానిని కొలిచి తిరిగి అంకెలుగా మారుస్తుంది. ఇది అన్నం వండి, ఆ అన్నాన్ని మళ్లీ బియ్యం చేయబోయినట్టు ఉంటుంది. పైగా ఆ కొలత సామాన్యమైనది కాదు. ఫుల్ హెచ్‌డీ బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే, గీతల మధ్య వదిలే ఖాళీ సమయాన్ని కూడా కలుపుకుని, సెకనుకు 14.85 కోట్ల పిక్సెళ్ల వేగంతో సంకేతం నడుస్తుంది. ఒక్కో పిక్సెల్‌కు దక్కేది ఏడు నానోసెకన్ల లోపే (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు). ఏ క్షణంలో ఏ పిక్సెల్ వస్తుందో చెప్పే తీగ వీజీఏలో లేదు, మానిటరే ఊహించుకోవాలి. ఆ ఊహ పిసరంత తప్పినా పక్క పిక్సెల్ విలువ ఇందులో కలిసిపోతుంది.

ఈ తిరకాసు తయారీదారులకు తెలియనిదేమీ కాదు. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శాంసంగ్, ఎల్‌జీ సంస్థలు కలిసి అనలాగ్ పోర్టులను దశలవారీగా తొలగిస్తామని ప్రకటించాయి. తమ ప్రాసెసర్లలో 2015 నాటికి వీజీఏకు మద్దతు ఆపేస్తామని ఇంటెల్, ఏఎండీ అప్పుడే చెప్పాయి. అయినా కొత్త మదర్‌బోర్డుల మీద నీలి పోర్టు కనిపిస్తూనే ఉంది కదా అంటారేమో. చాలా బోర్డుల్లో ఆ పోర్టు వెనుక డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. అంటే ప్రాసెసర్ ఇచ్చే డిజిటల్ బొమ్మను బోర్డు అనలాగ్ చేసి పంపుతుంటే, మానిటర్ దానిని మళ్లీ డిజిటల్ చేసుకుంటోంది. పక్కనే హెచ్‌డీఎంఐ పోర్టు ఉండగా ఈ చుట్టు తిరుగుడు దేనికో నాకు అర్థం కాదు.

సినిమా చూసేటప్పుడు ఈ తేడా అంతగా తెలియదు. కదిలే బొమ్మలో అంచులు కాస్త మెత్తబడితే కన్ను పట్టించుకోదు. అక్షరాల దగ్గర మాత్రం ఆ తేడా దాగదు. ముఖ్యంగా మన లిపిలో ద, ధలకూ, ప, ఫలకూ, డ, ఢలకూ ఉన్న తేడా కింద ఉండే ఒక చిన్న గీత మాత్రమే. వత్తులు అసలు అక్షరం కంటే చిన్నవిగా దాని కిందకో పక్కకో చేరతాయి. పది, పదకొండు పాయింట్ల పరిమాణంలో తెలుగు చదువుతున్నప్పుడు ఆ గీత ఒకటి రెండు పిక్సెళ్లకు మించి ఉండదు. అవి పక్క పిక్సెళ్లలోకి ఒలికితే దిద్దుబాటు చేసే వారు రోజంతా తెరకు మొహం ఆనించుకుని కూర్చోవలసి వస్తుంది. కళ్లజోడు నంబరు పెరిగిందేమోనని వైద్యుడి దగ్గరకు వెళ్లే ముందు ఒకసారి మానిటర్ వెనక్కి చూడమని డీటీపీ పని చేసే మిత్రులకు నేను చెబుతుంటాను.

వెంటనే కేబుల్ మార్చలేని వారు చేయగలిగినది ఒకటి ఉంది. వీజీఏతో నడిచే ఎల్‌సీడీ మానిటర్లలో ‘ఆటో’ లేదా ‘ఆటో అడ్జస్ట్’ అనే మీట ఉంటుంది. దానిని నొక్కితే మానిటర్ గీత మొదలూ చివరా ఎక్కడో వెతుక్కుని, క్లాక్, ఫేజ్ అనే రెండు అమరికలను సరిచేసుకుంటుంది. క్లాక్ తప్పితే తెర మీద నిలువు పట్టీలుగా అక్షరాలు కొన్ని చోట్ల స్పష్టంగా, కొన్ని చోట్ల మసకగా కనిపిస్తాయి. ఫేజ్ తప్పితే తెర అంతటా అక్షరాల అంచులు సన్నగా వణుకుతుంటాయి. చాలామంది ఈ మీటను నల్లని వాల్‌పేపర్ మీద నొక్కి, ప్రయోజనం లేదని వదిలేస్తారు. బొమ్మ అంచు ఎక్కడుందో నలుపులో మానిటర్‌కు దొరకదు. తెల్లని పేజీ నిండా చిన్న అక్షరాలున్న ఫైలును తెర అంతటా తెరిచి, అప్పుడు నొక్కాలి.

రెండవది రిజల్యూషన్. ఎల్‌సీడీ తెర గళ్ల లెక్క ఎంతో, కంప్యూటర్‌లో ఎంచుకున్న రిజల్యూషన్ కూడా అంతే ఉండాలి. 1366, 768 గళ్లున్న తెరకు 1024, 768 పంపితే మానిటర్ దానిని అడ్డంగా సాగదీస్తుంది. మనుషులు లావెక్కుతారు, అక్షరాలు పలచబడతాయి. తన అసలు రిజల్యూషన్ ఎంతో మానిటర్ కంప్యూటర్‌కు స్వయంగా చెప్పుకోగలదు, అందుకు వీజీఏ ప్లగ్గులో 12, 15 నంబరు పిన్నులను కేటాయించారు. చవకబారు కేబుళ్లలో ఆ తీగలు కొన్నిసార్లు ఉండవు. అప్పుడు కంప్యూటర్‌కు మానిటర్ ఏమిటో తెలియక ఏదో ఒక పాత రిజల్యూషన్‌తో సరిపెడుతుంది, యజమాని మాత్రం మానిటరే పాడైందనుకుంటాడు. అన్నట్టు, వీజీఏ ప్లగ్గులో తొమ్మిదవ పిన్ను ఉండవలసిన చోట ఖాళీ కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, చాలా కేబుళ్లు అలాగే తయారవుతాయి.

మన ఊరికి మరొక సమస్య ఉంది. పెదవాల్తేరు, బీచ్ రోడ్డు, రుషికొండ వంటి చోట్ల నివసించే వారికి ఉప్పుగాలి లోహాన్ని ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కిటికీ ఊచలకు పట్టే తుప్పే ప్లగ్గులకూ పడుతుంది. వీజీఏలో మూడు రంగులకు మూడు వేర్వేరు తీగలు కాబట్టి, ఒక పిన్ను వంగినా, పట్టు వదిలినా ఆ ఒక్క రంగే పోతుంది. నీలం పోతే తెల్ల కాగితం పసుపుపచ్చగా, ఎరుపు పోతే నీలి ఆకుపచ్చగా, ఆకుపచ్చ పోతే గులాబీ ఊదాగా మారుతుంది. ఇలాంటి రంగు తేడా చూసి మానిటర్ పోయిందని పాత సామాన్ల వాడికి ఇచ్చేసిన వారు ఉన్నారు. ప్లగ్గు ఊడదీసి, పిన్నులు తిన్నగా ఉన్నాయో లేదో చూసి, మళ్లీ గట్టిగా బిగిస్తే చాలాసార్లు రంగు తిరిగి వస్తుంది. రాకపోతే వేరొక కేబుల్ పెట్టి చూడాలి. మానిటర్ సంగతి ఆ తరువాతే ఆలోచించాలి.

ఇక డిజిటల్ కేబుళ్లు. 1999లో డీవీఐ, 2002 చివర హెచ్‌డీఎంఐ, 2006లో డిస్‌ప్లేపోర్ట్ వచ్చాయి. డీవీఐ, హెచ్‌డీఎంఐలు బొమ్మను పంపే పద్ధతి ఒక్కటే కాబట్టి, డిజిటల్ డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మామూలు జోడింపు ముక్క చాలు, మధ్యలో చిప్పు అవసరం లేదు. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్‌లలో శబ్దం కూడా అదే తీగ వెంట వెళుతుంది. స్పీకర్లున్న మానిటర్ కొన్నవారికి ఇది అదనపు సౌకర్యం. 60 హెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తూ నడిచే ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు ఈ మూడింటిలో ఏది వాడినా అక్షరాలు ఒకేలా ఉంటాయి, ఎంచుకోవడానికి తలబద్దలు కొట్టుకోవలసిన పని లేదు. 144 హెర్ట్జ్ మానిటర్లు కొనే విద్యార్థులు మాత్రం మానిటర్‌తో వచ్చే పుస్తకం చదవాలి, ఎందుకంటే అలాంటి కొన్ని మానిటర్లు పూర్తి వేగాన్ని డిస్‌ప్లేపోర్ట్‌తోనే అందుకుంటాయి, హెచ్‌డీఎంఐతో అంతకంటే తక్కువ వద్దే ఆగిపోతాయి.

ఇక్కడే దోపిడీ మొదలవుతుంది. నీలి కేబుల్ వద్దన్న కొనుగోలుదారుకు బంగారు పూత, అల్లిన తొడుగు, రంగుల డబ్బా చూపించి, దీనితో రంగులు మరింత నిండుగా వస్తాయని చెప్పి, మామూలు కేబుల్‌కు అయ్యే కొద్ది వందల స్థానంలో అనేక రెట్లు పుచ్చుకునే వ్యాపారులు ఉన్నారు. అనలాగ్ కేబుల్ విషయంలో నాణ్యతకు తగ్గట్టు బొమ్మ మారడం నిజమే. మూడు రంగుల తీగలకూ విడివిడిగా కవచం ఉండి, 75 ఓమ్‌ల లెక్కకు సరిపడేలా తయారైన కేబుల్‌కూ, సన్నని మామూలు తీగలు చుట్టిన కేబుల్‌కూ తేడా కంటికి కనిపిస్తుంది; రెండవ దానిలో ప్రతి అక్షరానికీ కుడివైపున నీడ పడుతుంది. డిజిటల్‌లో అలాంటి మెట్లు లేవు. అవతలికి చేరవలసినవి సున్నాలూ ఒకట్లూ. అవి సరిగా చేరినంత వరకు చవక కేబుల్‌లోనూ ఖరీదైన దానిలోనూ బొమ్మ అక్షరాలా ఒక్కటే. చేరకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది, లేదా అసలే రాదు. ఎరుపు కొంచెం వెలిసి, అక్షరం కొంచెం మసకబారి కనిపించే మధ్యస్థితి కేబుల్ వల్ల రాదు. బంగారు పూతకు తుప్పు పట్టదు కాబట్టి లోపలి పిన్నుల మీద ఉండడం మన సముద్రతీరంలో మంచిదే. పైన మెరిసే ప్లగ్గు తొడుగుకు బొమ్మతో సంబంధం లేదు.

కేబుల్ డబ్బా మీద చూడవలసిన మాట వేరే ఉంది. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు ‘హై స్పీడ్’ అని ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్ సరిపోతుంది. 60 హెర్ట్జ్ 4కే (ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్ల గళ్లున్న) మానిటర్ ఉన్నవారు ‘ప్రీమియం హై స్పీడ్’ తీసుకోవాలి; ‘అల్ట్రా హై స్పీడ్’ అంతకు మించిన అవసరాలకు. బల్ల మీది కంప్యూటర్‌కు రెండు మీటర్లలోపు కేబుల్ చాలు, అనవసరంగా పొడుగుది కొంటే డబ్బూ వృథా, చుట్టి కట్టే బాధా తోడు.

డిజిటల్ వాడగానే అన్నీ చక్కబడతాయని చెబితే అది కూడా అబద్ధమే అవుతుంది. హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టిన పోర్టు. కొన్నిసార్లు కంప్యూటర్ మానిటర్‌ను టీవీ అనుకుని, నలుపు నుంచి తెలుపు వరకు పూర్తి విలువలు పంపకుండా టీవీలకు అలవాటైన కుదించిన శ్రేణిలో పంపుతుంది. అప్పుడు నలుపు బూడిదగా, రంగులు వెలిసినట్టుగా కనిపిస్తాయి. వీజీఏయే బాగుందే అని అక్కడే కొందరు వెనక్కి వెళ్లిపోతారు. మరికొన్నిసార్లు బొమ్మ అంచులు తెర బయటికి పోతాయి, లేదా చుట్టూ నల్లని చట్రం మిగులుతుంది. ఇవన్నీ గ్రాఫిక్స్ సెట్టింగులలో ‘ఫుల్ రేంజ్’ ఎంచుకోవడం ద్వారా, స్కేలింగ్, ఓవర్‌స్కాన్ అమరికలు సరిచేయడం ద్వారా పోతాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నవారు మరొకటి గమనించాలి. సీపీయూ వెనుక మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ పైన, కార్డు హెచ్‌డీఎంఐ కింద ఉంటాయి. కేబుల్‌ను పైదానికి గుచ్చితే వేలకు వేలు పోసి కొన్న కార్డు పనిలేకుండా కూర్చుంటుంది. హెచ్‌డీఎంఐ ప్లగ్గుకు స్క్రూలు కూడా ఉండవు, బల్ల జరిపినప్పుడు వదులయ్యే అవకాశం ఉంది. ఈ విషయంలో పాత నీలి ప్లగ్గు నిస్సందేహంగా మేలు.

అనలాగ్‌ను వదలనవసరం లేని చోట్లు కూడా ఉన్నాయి. పాత కంప్యూటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే, దాని కోసం కన్వర్టర్ కొనడం కంటే మంచి వీజీఏ కేబుల్ కొని రిజల్యూషన్ సరిచేసుకోవడం ఉత్తమం. ఆ మార్పిడి ఎక్కడో ఒక చోట జరగక తప్పదు, కన్వర్టర్‌లో జరిగితే కొత్తగా వచ్చే లాభం ఏమీ లేదు. తరగతి గదుల పైకప్పులో ప్రొజెక్టర్ దాకా పరిచిన పొడవైన వీజీఏ తీగలను కూడా పీకించనక్కరలేదు. అనలాగ్ దూరం పెరిగే కొద్దీ మసకబారుతుంది గానీ పాఠం ఆగదు. అంత పొడవున మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తే బొమ్మ రాకుండా పోవచ్చు. కన్వర్టర్ కొనక తప్పని వారు దిశ చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి వీజీఏ ప్రొజెక్టర్‌కు ఇచ్చేది వేరు, వీజీఏ కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ తెరకు ఇచ్చేది వేరు. ఒకటి రెండవ పని చేయదు. రెండింటిలోనూ లోపల చిప్పు ఉండి తీరాలి. ఒక చివర హెచ్‌డీఎంఐ, మరొక చివర వీజీఏ ఉన్న తీగ చవకగా దొరికిందని తెచ్చుకుంటే, లోపల చిప్పు లేనప్పుడు అది ఎన్నిసార్లు గుచ్చినా పనిచేయదు.

వ్యాపారులకు నా విన్నపం చిన్నదే. కొటేషన్‌లో మానిటర్ పేరు రాసిన వరుసలోనే సీపీయూ మీద ఏ పోర్టు ఉంది, మానిటర్ మీద ఏది ఉంది, ఏ కేబుల్ ఇస్తున్నారు అన్న మూడు సంగతులూ రాయండి. రెండింటికీ డిజిటల్ పోర్టు ఉంటే డిజిటల్ కేబులే ఇవ్వండి. డబ్బాలో వీజీఏ మాత్రమే వచ్చినప్పుడు ఆ సంగతి ముందే చెబితే, కొద్ది వందలు అదనంగా ఇవ్వడానికి వెనుదీసే కొనుగోలుదారులు తక్కువే. పాఠశాలలకూ, కళాశాలలకూ, కార్యాలయాలకూ పదుల సంఖ్యలో కంప్యూటర్లు కొనే వారు టెండరులోనే ఈ వాక్యం చేర్చాలి, ఎందుకంటే సరుకు చేరాక కేబుళ్లకు వేరే అనుమతి తెచ్చుకోవడం ఎంత కష్టమో ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసిన వారికి తెలుసు. మీ పత్రికలో కంప్యూటర్ కొనుగోళ్ల గురించి రాసే వారు ప్రాసెసర్లకు, ర్యామ్‌కు కేటాయించే స్థలంలో రెండు వరుసలు కేబుల్‌కు కూడా ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం.